లష్కరు మామ చూపు బేరం

లష్కరు మామ చనిపోయాడట. నిన్న ఉల్లిగడ్డల బండి తోలుకొచ్చినతను చెప్పాడు. వాళ్ల తాతది కూడా పందుల బేరమేనట, అట్లా తెలిసిందట. "నిద్రల్నే పోయిండంటనే అవ్వా. మంచి సావు" అన్నాడు. నేను ఉల్లిగడ్డలు ఏరుకుంటూనే "ఎంత తూగిండట?" అన్నాను. అతను నా మొహం వంక వింతగా చూశాడు. పోయినవాళ్ల గురించి అట్లా అడగకూడదని నాకూ తెలుసు. కానీ ఆ మనిషిని ఎరిగినవాళ్ల నోటికి ముందు వచ్చే మాట అదే.

ఆయన మాకు వరసకు మామ కాదు, అసలు ఏమీ కాదు. సికింద్రాబాదును మా వైపు లష్కరు అనేవారు. అక్కణ్నుంచి పందులు కొనడానికి వచ్చేవాడు. వచ్చిన మొదటి రోజే మా అమ్మను, అవ్వ అనేవాళ్లం, "చెల్లె" అన్నాడు. దాంతో మా బాపు ఆయనకు బావ అయ్యాడు, పిల్లలం కోడళ్లం, అల్లుళ్లం అయ్యాము. ఆ వరస ఊరికే కలపలేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. బావ అన్నాక ఎంత మాటైనా అనొచ్చు. ఎదుటివాడు నవ్వి ఊరుకోవాలి. నవ్వకపోతే తప్పు వాడిదే.

ఎత్తైన మనిషి. సిపాయిలు పారేసిన ఖాకీ అంగీ తొడిగేవాడు, కింద మాత్రం ధోతి. మంచం వేస్తే కూర్చునేవాడు కాదు, మా వాకిట్లో బోర్లించిన రోలు మీదే కూర్చునేవాడు. నవ్వితే చప్పుడు వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. ఇంటికి రాగానే, కాళ్లు కడుక్కోకముందే, పిల్లల్ని వరసగా నిలబెట్టి చంకల కింద చేతులు వేసి ఒక్కొక్కరినీ లేపేవాడు. కళ్లు మూసుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఊపి "పదిహేడు శేర్లు" అనేవాడు. మా తమ్ముడు పోయినసారి కంటే తగ్గితే అవ్వ వైపు తిరిగి, "ఏం చెల్లె, పందులకు పెట్టినంత గూడ పెడ్తలెవ్వ పోరనికి?" అనేవాడు. మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. అవ్వ కూడా నవ్వేది. ఆయన వెళ్లిపోయాక నాలుగు రోజుల పాటు తమ్ముడి పళ్లెంలో గట్క ఎక్కువ పడేది.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ల దండచెయ్యి రెండు వేళ్లతో పట్టి చూసేవాడు. కొవ్వు ఎంతుందో చూడటం అలవాటైన చెయ్యి అది, దానికి మనిషని లేదు, పందని లేదు. మా పక్కింటి పెద్దాయన పోయినప్పుడు లోపలికి వెళ్లి శవానికి దండం పెట్టి, బయటికి వచ్చి బాపుతో మెల్లగా అన్నాడు: "ఆరు మణుగుల మనిషి. మూడైండు పాపం. రోగం శాన తినెనే బావ." ఆ పాపం అనే మాట మనసులోంచే అన్నాడు, అదే చిత్రం. ఇంకో చిత్రం, ఆయన పంది మాంసం ముట్టేవాడు కాదు. అవ్వ ఎన్నిసార్లు వండినా, "వద్దు చెల్లె, మొఖం సూసినదాన్ని తినబుద్ధి కాదు" అని పచ్చిపులుసు పోయించుకుని తినేవాడు.

మాకు ఊరి చివర, ఇంటిని ఆనుకునే, ఎకరం కూడా లేని చెలక ఒకటి ఉండేది. దాని మూలకు రాళ్లు పేర్చి కట్టిన పందుల దొడ్డి. నా చిన్నప్పుడు బాపు లష్కరుకు పోయి, తెల్ల దొరల గుర్రాలకు గడ్డి కోసి, వచ్చేటప్పుడు కూలికి బదులు ఒక తెల్ల మగ పందిపిల్లను గంపలో పెట్టుకుని నెత్తిన మోస్తూ ఐదు రోజులు నడిచి వచ్చాడు. ఊరంతా నవ్వింది. అది పెరిగి మా నల్ల ఊరపందులతో కలిస్తే నలుపూ తెలుపూ పిల్లలు పుట్టాయి. వాటిని దోగ్లా పందులు అనేవారు. ఊరపంది ఏడాదికి నాలుగు మణుగులు తూగితే దోగ్లాది ఏడు తూగేది. మణుగంటే పన్నెండు శేర్లు. తోలు పలచన వాటికి, ఎండకు ఎర్రబడేది. మిట్టమధ్యాహ్నం అవ్వ బిందెతో వాటి మీద నీళ్లు చల్లేది, మా మీద కూడా ఎన్నడూ చల్లలేదు అట్లా. యుద్ధం వచ్చి లష్కరు నిండా తెల్ల సిపాయిలు దిగాక ఆ పందులకు గిరాకీ పెరిగింది. నవ్విన ఊరే తమ ఆడపందుల్ని మా దొడ్డికి తోలుకొచ్చింది. మూడు నాలుగేళ్లలో చుట్టుపక్కల పది ఊళ్లలో దోగ్లా పందులే.

అన్నీ కొనేవాడు ఒక్క లష్కరు మామే.

ఆ రోజుల్లో పందుల్ని కాటాకు ఎత్తేవాళ్లు కాదు, చూపు బేరమే. పందిని దొడ్డిలోంచి వాకిట్లోకి తోలితే, అమ్మేవాడూ కొనేవాడూ పది అడుగుల దూరాన నిలబడి చూడాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ముందు అమ్మేవాడు తూకం చెప్పాలి, తర్వాత కొనేవాడు. తూకం మీద మాట కుదిరాక ఇద్దరి చేతుల మీద రుమాలు కప్పుకుని, కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. ఏ వేలు పడితే ఎంతో వాళ్లిద్దరికే తెలిసేది. ఆడవాళ్లు ఆ రుమాలు కింద చెయ్యి పెట్టకూడదు. ధర నచ్చకపోతే మామ బాపు వేలిని వెనక్కి విరిచేవాడు, మొహం మీద నవ్వు అట్లాగే ఉండేది. బాపు కూడా నవ్వుతూనే నిలబడేవాడు. తర్వాత అవ్వ ఆ వేలికి పసుపు పట్టించేది. వేళ్లు కుదిరితే, కొన్నవాడు చిన్న కత్తి తీసి పంది చెవి కొస కోసి అమ్మినవాడి అరచేతిలో పెట్టేవాడు. చెవి తెగిందంటే బేరం అయిపోయింది. వీడు వెనక్కి అడగడు, వాడు వద్దనడు. చెవి కోశాక మామ ఆ గాయం మీద బూడిద అద్ది, నోటితో ఊది, "అయిపాయె బిడ్డ, అయిపాయె" అని దానితో మాట్లాడేవాడు.

చూపు బేరంలో మా బాపును మించినవాడు లేడు. నారాయణరావుపేట నుంచి, ఇబ్రహీంపూర్ నుంచి పందులున్నవాళ్లు, మామ వస్తున్నాడని తెలియగానే బాపును పిలుచుకుపోయి తమవి చూపించుకునేవారు. బాపు చూసి ఒక్క మాట చెప్పేవాడు. ఇక వాళ్లు దానికి శేరు తగ్గినా అమ్మేవారు కాదు. అందుకు బాపు ఒక బీడీ తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. "నీ బీడీ నాకు శాన పిరమైతున్నదే బావ" అనేవాడు మామ, తనకు ఖరీదు పడుతోందని, భుజాలు కదిలిస్తూ. బాపు సంతోషపడేవాడు.

నా పెళ్లయ్యాక ఒక ఏడు నేను పురిటికి పుట్టింటికి వచ్చాను. అప్పటికే బాపు కండ్లకు పొరలు కమ్మి ఉన్నాయి. మనిషి నీడలాగా, పంది తెల్ల మరకలాగా కనబడేదట. అవ్వకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. నాకు కూడా చెప్పలేదు. గోడ పట్టుకుని నడుస్తుంటే నడుం నొప్పేమో అనుకున్నాను. చూపు లేదని తెలిస్తే ఆయన చెప్పిన తూకాన్ని ఎవరు లెక్కచేస్తారు? మా పందులే కాదు, పది ఊళ్ల పందులు మామ చెప్పిన ధరకే పోవాలి.

అందుకని అవ్వ ఒక ఉపాయం పట్టింది. దొడ్డిలోంచి పందిని తోలేటప్పుడు పేరు పెట్టి తిట్టేది. "ఓరి గున్నోడా, తిని తిని మెడ కనబడకుంట అయినవ్, నడువ్!" అనేది. బాపుకు అది చాలు. ఏ పందో, ఎంత బలిసిందో ఆ తిట్టులోనే ఉండేది. పక్క ఊళ్లకు పోతే కూడా వెంట పోయి ఎవరి పందినైనా అట్లాగే తిట్టేది. ఆ ఇంటివాళ్లు దిష్టి తియ్యడానికేమో అనుకునేవారు. మామ మాత్రం రెండుసార్లు విని, "ఏంది చెల్లె, ముందుగల్ల పందులను ముద్దు జేద్దువు. గిప్పుడు తిట్టుడు సురువు జేసినవ్?" అన్నాడు. అవ్వ నవ్వి ఊరుకుంది. ఆయన నవ్వలేదట. అది ఆమె తర్వాత గుర్తు చేసుకుని చెప్పింది.

మూడోసారి వచ్చినప్పుడు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ రోజు గున్నోణ్ని అమ్మాలని ముందే అనుకున్నాము. ఏడాది మగపంది, బలిసి ఉంది. దొడ్డిలో బొల్లి కూడా ఉంది. అది తల్లిపంది, ఎనిమిది పిల్లల్ని ఈని ఇరవై రోజులు. దాన్ని మామ ఎన్నిసార్లు అడిగినా బాపు "బొల్లిని అడగకు" అనేవాడు. ఈతకు ఎనిమిది, పది పిల్లల్ని ఇచ్చే పంది అది. మా ఇంటి తిండి, బట్ట అంతా దాని పొదుగు కిందే.

మామ రాగానే నా బిడ్డను చేతుల్లోకి తీసుకుని కళ్లు మూసుకుని ఊపాడు. "నాలుగు శేర్ల మీద పావు. పాలు మంచిగున్నయి బిడ్డ నీకు" అన్నాడు. తర్వాత రోలు మీద కూర్చుని కడుపు పట్టుకుని, "చెల్లె, పొద్దుగాల నుంచి కడుపుల మంట. జర సల్ల ఉంటె తేవే" అన్నాడు.

"మన ఇంట్ల సల్ల ఏడిదన్నా?"

"గొల్లోళ్ల ఇంట్ల గూడ లేదా? అన్న కడుపు కాలుతుంటె గంత దూరం పోలేవా?"

అవ్వ బాపు వంక చూసింది. అన్నా అని పిలిచిన నోటితో పోనని ఎట్లా అంటుంది? "నేను వచ్చేదాక బేరం వెట్టకుండ్రి" అని మజ్జిగకు ముంత తీసుకుని బయల్దేరింది.

"నువ్వు లేకుంట ఎట్ల వెడ్తమే? నువ్వే గద పెద్ద బేరగత్తెవు!"

ఆమె గొల్లవాడ మలుపు తిరిగిందో లేదో, మామ తన మనిషికి గడ్డంతో సైగ చేశాడు. వాడు దొడ్డి తడిక తీసి బొల్లిని వాకిట్లోకి తోలాడు. నేను గడపలో కూర్చుని బిడ్డకు పాలిస్తున్నాను. నాకు స్పష్టంగా కనబడుతోంది. బొల్లిని అమ్ముతున్నాడా, ఎందుకు, అనుకున్నానే గానీ, బాపు పొరపడుతున్నాడని తోచలేదు. పంది విషయంలో ఆయన పొరపడటం నేను పుట్టాక చూడలేదు. మగవాళ్ల బేరంలో నోరు పెట్టకూడదని ఊరుకున్నాను. నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఇప్పుడంటున్నాను.

"ఆడామె వచ్చెదాక ఏం జూస్తం గని, ఇగో బావ, పంది వచ్చింది. సూడు. ఎంతంటవ్?" అన్నాడు మామ.

బాపు ఆ తెల్ల మరక వైపు మొహం తిప్పాడు. ఎప్పటిలాగే నడుం మీద చెయ్యి పెట్టి కాసేపు చూసినట్టు నిలబడ్డాడు. "ఏడు మణుగులు. శేరు గూడ తగ్గది."

"ఏడే. మస్తు సూసినవ్ బావ."

మామ ఎన్నడూ మొదటి మాటకు ఒప్పుకోలేదు. అక్కడే బాపు ఆగాల్సింది. కానీ మెచ్చుకున్నాడు కదా, మొహం వెలిగింది. రుమాలు కప్పారు. వేళ్లు చప్పున కుదిరాయి. ఏ వేలూ విరవలేదు. మామ కత్తి తీసి వంగి చెవి కోశాడు.

బొల్లి అరిచింది. ఆ అరుపుకు దొడ్డిలో ఎనిమిది పిల్లలూ ఒక్కసారి కీచుమన్నాయి. బాపు అరచెయ్యి చాచి ఉంది, మామ ఆ చెవి ముక్కను అందులో పెట్టాడు. బాపు మొహంలోంచి రక్తం దిగిపోవడం నేను గడపలోంచి చూశాను.

అవ్వ ముంతతో వచ్చింది అప్పుడే. "అయ్యో! బొల్లి చెవి గదనయ్యా! పాలిచ్చే తల్లి! ఏం జేసిన్రు మీరు?" అని ముంత కింద పెట్టి పందికి అడ్డం నిలబడింది. చుట్టుపక్కల వాళ్లు గోడల మీదుగా తలలు ఎత్తారు.

"నన్నెందుకు అడుగుతవ్ చెల్లె? బావనే సూసిండు, బావనే ఏడన్నడు" అన్నాడు మామ. బాపు దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఏందే బావ? కనబడలేదా? కనబడలేదని ఒక్క మాట అను. చెవి తెగినా ఇడిచిపెడత. నా మాట ఎన్నడన్న తప్పిన్నా?"

అవ్వ "అను" అంది మెల్లగా. గోడల మీద తలలు ఇంకా రెండు పెరిగాయి. నారాయణరావుపేట మనిషి ఒకడు, బాపును మర్నాటికి పిలుచుకుపోదామని వచ్చినవాడు, వాకిట్లోనే ఉన్నాడు.

బాపు పిడికిలి మూశాడు. "కనబడ్డది. తోలుకపో" అన్నాడు.

మామ కింద పెట్టిన ముంత ఎత్తి గుక్క తిప్పకుండా తాగి, మీసం తుడుచుకుని, "సల్ల పుల్లగున్నది చెల్లె" అన్నాడు. బొల్లి మెడకు తాడు వేశారు. చెలక దాటేదాకా వెనక్కి తిరిగి తిరిగి అరుస్తూనే పోయింది.

ఆ తర్వాత మూడు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అవ్వ గంజి నీళ్లలో గుడ్డ పీలికలు ముంచి పందిపిల్లల నోట్లో పెట్టేది. ఎక్కడో మేకపాలు దొరికితే తెచ్చేది. రెండు తాగాయి, తాగినవి కక్కుకున్నాయి. వాటి కీచులు వినబడితే చాలు, నా బిడ్డ నిద్రపోతున్నా సరే, నాకు పాలు కారి రవికె తడిసేది. సిగ్గుతో గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని. రోజూ తెల్లారేసరికి ఒకటో రెండో బిగుసుకుని ఉండేవి. మూడో నాటికి ఐదు పోయాయి. బాపు దొడ్డి గోడకు ఆనుకుని కూర్చుని, బతికున్నవాటిని కీచుల లెక్కన ఎంచుకునేవాడు.

నాలుగోనాడు పొద్దున్నే లేచి, "నన్ను సిద్ధిపేటకు తీస్కపో. చెప్త. పందిని తెచ్చుకుందం" అన్నాడు.

"నీ పేరు పోతది" అంది అవ్వ.

"పేరు పాలిస్తదా వాటికి?"

మామ కొన్న పందులన్నిటినీ సిద్ధిపేట బయట కల్లు దుకాణం వెనక వారం రోజులు జమ చేసి, అప్పుడు లష్కరుకు బండ్లు కట్టించేవాడు. అవ్వ బాపు చెయ్యి పట్టుకుని నడిపించింది. ఇంట్లో ఉండలేక నేనూ బిడ్డను వీపుకు కట్టుకుని వెంట నడిచాను. దారిలో ఎవరైనా ఎదురైతే బాపు చెయ్యి విడిపించుకుని ఒంటరిగా నాలుగడుగులు వేసేవాడు. వాళ్లు దాటిపోయాక మళ్లీ చెయ్యి చాచేవాడు.

అక్కడ పందులు అమ్మడానికి వచ్చినవాళ్లు పదిహేను మంది దాకా ఉన్నారు. సగం మంది బాపుకు బీడీ ఇచ్చి తూకం చెప్పించుకున్న ఇళ్లవాళ్లే. బాపును చూసి లేచి నిలబడ్డారు. మామ ఒక పంది చెవికి బూడిద అద్దుతున్నాడు. చేతులు తుడుచుకుని ఎదురొచ్చాడు.

"బావ! గింత దూరం నడిచొచ్చినవ్?"

"చెప్తె ఇడిచిపెడత అన్నవు" అన్నాడు బాపు.

"అన్న. కాదన్ననా? చెప్పు మరి. అందరు ఇనేటట్టు చెప్పు."

బాపు మొహం వాళ్ల వైపు తిప్పాననుకుని పక్కనున్న చెట్టు వైపు తిప్పి, "నాకు కండ్లు కనబడయి. ఏడాదిన్నర అయింది" అన్నాడు. పందులు బురదలో చప్పుడు చేస్తున్నాయి. నారాయణరావుపేట ముసలాయన ఒకాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా బొల్లిని ఇడువన్నా. మూడు పిల్లలు ఇంక బతికున్నయి" అంది అవ్వ.

"బొల్లి ఏడిది చెల్లె? ఆనాడు సాయంత్రమే బండెక్కిచ్చిన. ఒక దొర తల్లిపంది గావాలన్నడు. ఇప్పటికి లష్కర్ల ఉంటది."

అవ్వ "మరెందుకు చెప్పిచ్చినవురా? నీ నోట్ల మన్ను వడ, లేదని తెలిసి ఎందుకు చెప్పిచ్చినవు గుడ్డోనితోని?" అని అరిచింది. మా బాపును గుడ్డివాడని ఎవరైనా అనడం అదే మొదటిసారి. అది అవ్వ నోటి నుంచే వచ్చింది.

మామ కోపం తెచ్చుకోలేదు. "ఎన్నొద్దులు దాస్తవ్ చెల్లె? ఇయ్యాల కాకుంటె రేపన్న తెలుస్తది. ఇండ్లల్ల తెలిస్తె నాకేం లాభం? గీడ తెలిస్తె లాభం" అన్నాడు. అని, కూర్చున్నవాళ్ల వైపు తిరిగి, "ఇగ కానీయుండ్రి. మీవి ఎవలవి ఎన్నున్నయి?" అన్నాడు.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు పదిహేను మందీ ఆయన చెప్పిన తూకానికే అమ్మారు. మా పందులైతే తర్వాత పదకొండేళ్లు అదే తూకానికి పోయాయి. మరి కొనేవాడు ఇంకెవడు?

మేము వెనక్కి బయల్దేరాము. కల్లు దుకాణం వెనక నుంచి రోడ్డు ఎక్కాలంటే చిన్న ఒడ్డు దిగాలి, రాళ్లు, పక్కన మురికి కాలువ. అవ్వ ఏడుస్తూ ముందే నడిచిపోయింది. బాపు ఒడ్డు మీద ఒక్కడే ఆగిపోయి, కాలితో నేలను తడుముతున్నాడు. నేను అందుకునేలోపే లష్కరు మామ బేరం వదిలేసి వచ్చాడు. బాపు మోచెయ్యి పట్టుకున్నాడు. ఒక చేత్తో మోచెయ్యి, ఇంకో చేత్తో నడుం.

"రాయున్నది బావ, కాలు లేపు. ఆ, గట్ల. ఇటు కాలువ, ఇటు రాకు. మెల్లగ. నేనున్న గద" అన్నాడు.

అంత ఓపిగ్గా బాపును అవ్వ కూడా నడిపించలేదు. రోడ్డు వచ్చేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు, బాపు విడిపించుకోలేదు.